నల్గొండ బోరు నీళ్ల ప్రాజెక్టును పరిశోధన పత్రంగా మార్చడం ఎలా?

బోరునీళ్లు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నల్గొండ జిల్లా పడమటి వైపు మండలం. ప్రాజెక్టు కోసం మే నెలలో మా మండలంలో 22 బోర్ల నీళ్లు సేకరించి కాలేజీ ల్యాబులో ఫ్లోరైడ్, పీహెచ్, కాల్షియం, బైకార్బొనేట్ వగైరా కొలిచాను. రిపోర్టు 80 పేజీలు వచ్చింది. దాన్ని పేపరుగా రాసి జర్నల్‌కు పంపమని మా గైడ్ గారు అంటున్నారు.

"నల్గొండ జిల్లాలో భూగర్భ జల కాలుష్యం, ప్రజారోగ్యంపై దాని ప్రభావం" అని శీర్షిక పెట్టుకున్నాను. "నీరు సమస్త జీవులకు ప్రాణాధారం" అని మొదటి వాక్యం రాశాక కలం ముందుకు సాగడం లేదు. 80 పేజీలను పది పేజీలకు ఎలా కుదించాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనే. అడగడానికి దగ్గరలో ఎవరూ లేరు.

రసాయన_మేష్టారు

అమ్మా, ముందు ఆ శీర్షికను పక్కన పెట్టండి. జిల్లా అన్నారు, మీ చేతిలో ఉన్నది ఒక మండలం. ప్రజారోగ్యం అన్నారు, మీరు కొలిచింది నీళ్లు మాత్రమే. మీ 22 బోర్ల అంకెలు ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలవో ఆ ప్రశ్న ఒక్కటే మీ పేపరు. మిగతాదంతా రిపోర్టులోనే ఉండనివ్వండి. కుదించడమనే ఆలోచన మానేసి ఆ ఒక్క ప్రశ్న చుట్టూ కొత్తగా రాయండి.

ప్రశ్న ఎలా దొరుకుతుందో చెబుతాను. మీ ప్రాంతమంతా గ్రానైట్ నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గట్టిపడి నీళ్ల నుంచి వేరుపడుతుంది కాబట్టి ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగలేదు. కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువై, పీహెచ్ క్షారం వైపు ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. పుస్తకాలు చెప్పే మాట ఇది. మీ మండలంలో కూడా ఇది నిజమేనా? ఏ బోర్లు ఈ తీరుకు లోబడ్డాయి, ఏవి లోబడలేదు, లోబడని వాటిలో ప్రత్యేకత ఏమిటి? ఈ ప్రశ్నకు మీరు ఇప్పటికే సమాచారం సేకరించి పెట్టుకున్నారు.

ఇక రాసే వరుస. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టే విద్యార్థులు దాదాపు అందరూ "నీరు ప్రాణాధారం" దగ్గరే ఆగిపోతారు. ఆ వాక్యం కోసం ఎవరూ మీ పేపరు తెరవరు. మొదట ఒక పట్టిక, రెండు మూడు గ్రాఫులు తయారు చేయండి. వాటిని చూస్తూ ఫలితాలు రాయండి. నీళ్లు ఎలా సేకరించారో, ఎలా కొలిచారో ఆ తర్వాత. ఆ పైన చర్చ, దాని తర్వాతే ఉపోద్ఘాతం. సారాంశం, శీర్షిక అన్నిటికంటే చివర. చదివేవారికి మాత్రం అలవాటైన క్రమంలోనే కనబడుతుంది.

పరిశోధక_మిత్ర

మేష్టారి మాటకు ఒకటి కలుపుతాను. పట్టిక చేసేలోపే పాత పేపర్లు కనీసం పదిహేను ఇరవై చదవండి. ఫ్లోరైడ్ మీద తెలుగు నేల నుంచి వచ్చినంత సాహిత్యం దేశంలో చాలా తక్కువ చోట్ల నుంచి వచ్చింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మొదట వైద్య పత్రికలకు ఎక్కించిన 1937 నాటి పేపర్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చాయి. నల్గొండ మీద సిద్దిఖీ రాసిన పేపరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా మీ జిల్లా పేరే స్థిరపడింది. ఇంత చరిత్ర ఉన్న చోట "ఈ ప్రాంతంలో తగినంత పరిశోధన జరగలేదు" అని రాస్తే, సమీక్షించేవారు ఆ వాక్యం దగ్గరే పేపరు పక్కన పెట్టేస్తారు.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల పాత సమాచారం కావాలంటే నెల్లూరు పేరుతో వెతకాలి. మీ నల్గొండ కూడా 2016లో మూడు జిల్లాలైంది. చౌటుప్పల్, నారాయణపురం ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉన్నాయి. పాత పేపరులోని "నల్గొండ జిల్లా" అంకెను మీ అంకెతో పోల్చేటప్పుడు ఏ జిల్లా, ఏ సరిహద్దులు అన్నది ఒక వాక్యంలో చెప్పాలి.

గ్రంథాలయ_సేవిక

నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పని చేస్తాను. పేపర్లు డబ్బు కట్టమంటున్నాయని విద్యార్థులు సారాంశం మాత్రమే చదివి ఉదహరించడం రోజూ చూస్తాను. అది చేయకండి. చదవని పేపరును ఉదహరించకూడదు.

దారులు ఉన్నాయి. గూగుల్ స్కాలర్‌లో పేపరు పేరు కింద "అన్ని ప్రతులు" అని ఉండే చోట నొక్కితే ఉచిత ప్రతి తరచుగా దొరుకుతుంది. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో ఉచితంగా ఉన్నాయి. మీ అంశం మీద ఎవరో ఒకరు అందులో మొత్తం అధ్యాయమే రాసి ఉంటారు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన "ఒకే దేశం ఒకే చందా" పథకంలో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మీది ప్రభుత్వ కళాశాల అయితే మీ లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తెచ్చుకోండి. అడగనిదే చాలామంది చెప్పరు. ఏదీ కుదరకపోతే రచయితకే మర్యాదగా ఈమెయిలు రాయండి. నేను చూసినంతలో చాలామంది సంతోషంగా పంపుతారు.

జొటెరో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మొదటి రోజే వేసుకోండి. చదివిన ప్రతి పేపరును అందులో చేర్చి, పక్కన మీ సొంత మాటల్లో మూడు నాలుగు వాక్యాలు రాసుకోండి: వీళ్లు ఏమి అడిగారు, ఎక్కడ, ఎన్ని శాంపిళ్లు, ఏమి తేలింది. రిఫరెన్సుల జాబితా తర్వాత దానంతట అదే తయారవుతుంది.

బోరునీళ్లు

ఇన్ని విషయాలు ఇంత ఓపికగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు. పట్టిక మొదలుపెట్టాను. ఒక సందేహం. పద్ధతుల భాగంలో "నమూనాలను ప్రామాణిక పద్ధతుల ప్రకారం విశ్లేషించాం" అని రాశాను. అది చాలదా? ఇంకొకటి, మా గైడ్ గారు సగటు ఇమ్మంటున్నారు. రెండు బోర్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువ రావడంతో సగటు బాగా పైకి పోయింది.

రసాయన_మేష్టారు

చాలదమ్మా. పేపరులో నేను మొదట చదివేది ఈ భాగమే. మీరు చేసిన పనిని మరొకరు మీ ఊరు వచ్చి మళ్లీ చేయగలగాలి. బోరును ఎంతసేపు నడిపాక నీళ్లు పట్టారు? గొట్టంలో నిలిచిన నీళ్లు పోయేదాకా ఆగారా? సీసాలు ఏవి? ఫ్లోరైడ్‌కు గాజు పనికిరాదు, పాలిథీన్ సీసా కావాలి. దాన్ని అదే నీళ్లతో కడిగారా? పీహెచ్ అక్కడికక్కడే చూశారా, ల్యాబుకు తెచ్చాకా? తెచ్చేలోపు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ మారుతుంది. ల్యాబులో చూసి ఉంటే అలాగే రాయండి, దాచవద్దు.

ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో కొలిచారా, స్పాండ్స్ అనే రంగు ద్రావణం కలిపే పద్ధతితోనా? ఎలక్ట్రోడ్ అయితే టిసాబ్ బఫర్ (నమూనాలన్నిటినీ ఒకే స్థితికి తెచ్చే ద్రావణం) కలిపారని, ఏ ప్రామాణిక ద్రావణాలతో కాలిబ్రేట్ చేశారని, స్లోపు ఎంత వచ్చిందని రాయాలి. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ గాఢత పది రెట్లు మారినప్పుడు ఎలక్ట్రోడ్ చూపే తేడా సుమారు 59 మిల్లీవోల్టులు రావాలి. అంతకు బాగా తక్కువ వస్తే సమీక్షకుడు ఎలక్ట్రోడ్‌ను అనుమానిస్తాడు. ఎన్ని నమూనాలను రెండోసారి కొలిచారు, రెండింటికీ తేడా ఎంత? ధన, రుణ అయాన్లన్నీ కొలిచి ఉంటే అయాన్ సమతుల్యత కూడా లెక్క కట్టండి, అంటే ధన, రుణ ఆవేశాల మొత్తాలు సరిపోయాయో లేదో చూడండి. తేడా ఐదు శాతం లోపు ఉంటే మీ కొలతల మీద నమ్మకం కలుగుతుంది. పది దాటితే ఆ నమూనాను మళ్లీ చూడాలి.

సగటు సంగతి. రెండు బోర్లు సగటును లాగేస్తున్నప్పుడు మధ్యస్థ విలువ (అంకెలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఇవ్వండి. దాంతోపాటు కనిష్ఠం, గరిష్ఠం, 22లో ఎన్ని బోర్లు హద్దు దాటాయో చెప్పండి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కూడా 1.5. ఏ హద్దుతో పోల్చారో ప్రతిచోటా చెప్పండి. ఇది మీ గైడ్ గారికి గౌరవంగా వివరించండి, ఒప్పుకుంటారు. ఎక్కువ వచ్చిన ఆ రెండు బోర్లను మాత్రం ఏ కారణంతోనూ తీసేయకండి. మీ పేపరులో అసలు ఆసక్తికరమైనవి అవే కావచ్చు.

డాలస్_భూజలం

అమెరికాలో భూగర్భ జలాల మీద పని చేస్తున్నాను, మాది మిర్యాలగూడ. మేష్టారు చెప్పినదంతా సరైనదే. నాకు చర్చ భాగం గురించి ఒక బెంగ. ఫ్లోరైడ్‌కూ బైకార్బొనేట్‌కూ సంబంధం కనబడగానే "బైకార్బొనేట్ వల్ల ఫ్లోరైడ్ పెరిగింది" అని రాసేస్తారు. మీ దగ్గర ఉన్నది ఒకే వేసవిలో తీసిన 22 నమూనాలు. "రెండూ కలిసి పెరిగాయి, ఫలానా ప్రక్రియకు ఇది అనుగుణంగా ఉంది" అనేంతవరకే మీ హక్కు. వానల తర్వాత ఎలా ఉంటుందో మీరు చూడలేదు, ఆ సంగతి కూడా రాయండి. పరిమితులు చెప్పిన పేపరును సమీక్షకులు చిన్నచూపు చూడరు, చెప్పని పేపరునే వెనక్కి పంపుతారు.

మ్యాపు తప్పక పెట్టండి. ఫోనులోని జీపీఎస్‌తో బోర్ల స్థానాలు తీసుకుని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీయవచ్చు. 22 చుక్కలతో మండలమంతా రంగులు నింపే మ్యాపు మాత్రం వద్దు. మీరు కొలవని ఊళ్లకు కూడా అది అంకెలు ఇచ్చేస్తుంది.

బోరునీళ్లు

అలాగే సార్, చుక్కల మ్యాపే పెడతాను. ఇంకో ఆలోచన వచ్చింది. మా ఊరి బడిలో చాలామంది పిల్లల పళ్ల మీద మచ్చలు ఉన్నాయి. ఫోటోలు తీసి, లెక్కపెట్టి పేపరులో కలిపితే ఆరోగ్య భాగం కూడా వస్తుంది కదా? హెడ్మాస్టరు గారు మాకు తెలిసినవారే, సరేనన్నారు.

పరిశోధక_మిత్ర

వద్దు, దయచేసి ఆగండి. మనుషుల మీద, అందులోనూ పిల్లల మీద చేసే పరిశోధనకు ముందే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే వాళ్లను కూడా అడగాలి. హెడ్మాస్టరు మాట దానికి బదులు కాదు. పని పూర్తయ్యాక తెచ్చే అనుమతి చెల్లదు. పైగా పళ్ల మచ్చల్ని డీన్ సూచికతో (మచ్చల తీవ్రతను స్థాయిలుగా విభజించే కొలమానం) అంచనా వేయాలి, దానికి శిక్షణ పొందిన దంతవైద్యులు కావాలి. ఫోటో చూసి లెక్కపెడితే ఎవరూ ఒప్పుకోరు. ఇది ఇంకో పేపరు, ఇంకో బృందంతో.

రసాయన_మేష్టారు

ఈ మాటను పూర్తిగా సమర్థిస్తున్నాను. దీని పక్కనే ఇంకో బాధ్యత ఉంది. ఎవరి బోరు నీళ్లు పరీక్షించారో ఆ ఇంటివాళ్లకు ఫలితం చెప్పారా? పేపరు ఎప్పుడు అచ్చవుతుందో ఎవరికీ తెలియదు, వాళ్లు ఆ నీళ్లు ఇవాళ తాగుతూ ఉండవచ్చు. ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ రాసివ్వండి: మీ బోరులో ఫ్లోరైడ్ ఇంత, హద్దు ఇంత, తాగడానికీ వంటకూ కుళాయి నీళ్లు వాడండి. కాచితే ఫ్లోరైడ్ పోదని, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని కూడా చెప్పండి. చాలామంది కాచి తాగితే చాలనుకుంటారు. పేపరులో మాత్రం యజమానుల పేర్లు వద్దు, బోర్లకు సంఖ్యలు ఇవ్వండి.

సాహిత్య_విద్యార్థి

మధ్యలో వచ్చినందుకు మన్నించాలి. నేను ఎం.ఏ. తెలుగు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల స్త్రీల పత్రికల మీద రాయాలని ఉంది. మాకు పట్టికలు, ఎలక్ట్రోడ్లు ఉండవు. ఇందులో ఏది మాకు పనికొస్తుంది?

గ్రంథాలయ_సేవిక

ఒక్క ప్రశ్న అన్న సూత్రం మీకూ అంతే. "స్త్రీల పత్రికలు, ఒక పరిశీలన" అని కాకుండా, ఉదాహరణకు కె.ఎన్. కేసరి గారు 1928లో మద్రాసులో స్థాపించిన గృహలక్ష్మిని తీసుకుని, మొదటి ఐదేళ్లలో ఆరోగ్యం గురించి స్త్రీలు రాసిన వ్యాసాలకూ వైద్యులు రాసిన వ్యాసాలకూ తేడా ఏమిటని అడగండి. అప్పుడు ఏ సంచికలు చదవాలో, ఏవి అక్కరలేదో తెలుస్తుంది. మీకు నమూనాలు అవే.

సంచికల కోసం హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం చూడండి. వెళ్లేముందు ఫోను చేసి ఏ సంవత్సరాలు ఉన్నాయో కనుక్కోండి. పాత ప్రచురణల్లో తేదీ ఒక్కోసారి తెలుగు సంవత్సరం పేరుతోనే ఉంటుంది. ప్రభవ అంటే 1927-28 కావచ్చు, 1987-88 కూడా కావచ్చు, 1867-68 కూడా. ముద్రణాలయం, వెల, ప్రకటనలు చూసి నిర్ణయించి, ఎలా నిర్ణయించారో పాదసూచికలో రాయండి. ఏ సంచిక దొరకలేదో కూడా చెప్పాలి. నీళ్ల పేపరులో వానాకాలం నమూనాలు లేవని చెప్పడం లాంటిదే ఇది.

బోరునీళ్లు

మొదటి చిత్తు పూర్తయింది! రెండు కష్టాలు ఉన్నాయి. ఒకటి, ఇంగ్లీషులో వాక్యాలు సరిగా రావడం లేదు. నా స్నేహితురాలు కృత్రిమ మేధ చాట్‌లో పెడితే పేపరంతా రాసిస్తుందని, రిఫరెన్సులు కూడా ఇస్తుందని చెప్పింది. రెండోది, రెండు రోజుల్లో ప్రచురిస్తామని, యూజీసీ ఆమోదం ఉందని, 1,500 రూపాయలు కట్టమని ఒక పత్రిక నుంచి వాట్సాప్ సందేశం వచ్చింది. ఉద్యోగ దరఖాస్తుకు పనికొస్తుందని మావాళ్లు కట్టేయమంటున్నారు.

గ్రంథాలయ_సేవిక

డబ్బు కట్టకండి. నిపుణుల సమీక్ష రెండు రోజుల్లో జరగదు, నెలలు పడుతుంది. యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితా అయిన యూజీసీ కేర్‌నే 2025లో నిలిపివేశారు, కాబట్టి "యూజీసీ ఆమోదం" అన్న మాటకు ఇప్పుడు విలువ లేదు. పత్రిక మంచిదో కాదో తేల్చుకోవడానికి మీరు చదివిన ఇరవై పేపర్లు ఎక్కడ అచ్చయ్యాయో చూడండి. అదే మీ మొదటి జాబితా. సంపాదకవర్గంలో ఉన్నవారి పేర్లు వారి విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో నిజంగా ఉన్నాయా? స్కోపస్ అనే పరిశోధన పత్రికల సూచిలో ఉన్నామని చెబితే స్కోపస్ సైటులోనే వెతికి చూడండి, వాళ్లు పంపిన బొమ్మను నమ్మవద్దు. ఉచితంగా ప్రచురించే మంచి పత్రికలు డీవోఏజే (అందరూ ఉచితంగా చదవగల పత్రికల సూచి) జాబితాలో దొరుకుతాయి. ఒకే పేపరును ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు.

కృత్రిమ మేధ ఇచ్చే రిఫరెన్సుల్లో అసలు లేనివి ఉంటాయి. పేరు, సంవత్సరం, సంపుటి అన్నీ నమ్మేలా ఉంటాయి, పేపరు మాత్రం ఉండదు. ప్రతి రిఫరెన్సు డీవోఐ సంఖ్యను (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి చూడాలి. వ్యాకరణం దిద్దుకోవడానికి వాడుకుంటే చాలా పత్రికలు ఒప్పుకుంటాయి, వాడినట్టు చెప్పమంటాయి. రచయితగా మాత్రం దాని పేరు పెట్టనివ్వవు.

డాలస్_భూజలం

ఇంగ్లీషు గురించి దిగులు పడకండి. ముందు తెలుగులో రాయండి. "మూడో బోరులో కాల్షియం తక్కువ, ఫ్లోరైడ్ ఎక్కువ" అని మీకు స్పష్టంగా తెలిసినప్పుడు దాన్ని చిన్న ఇంగ్లీషు వాక్యంగా మార్చడం కష్టం కాదు. ఒక వాక్యంలో ఒక విషయమే పెట్టండి. ఇతరుల పేపర్ల నుంచి వాక్యాలు తెచ్చి అతికిస్తే చౌర్యమే. యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం దాటిన పోలికకు స్థాయిలవారీగా చర్యలున్నాయి. అయితే పది శాతం లోపు ఉంటే ఎత్తిరాయవచ్చని దాని అర్థం కాదు. ఆలోచన తీసుకున్నా పేరు చెప్పాలి.

చిత్తు నాకు పంపండి. భాష నేను చూసిపెడతాను.

బోరునీళ్లు

నిజంగానా సార్? ఈ రాత్రే పంపుతాను. ఇంకొక్కటి, అడగాలో లేదో తెలియడం లేదు. ఈ పనితో సంబంధం లేని ఒకరి పేరు కూడా రచయితల్లో చేర్చమని నాకు చెప్పారు. కాదంటే ఏమవుతుందోనని భయంగా ఉంది.

పరిశోధక_మిత్ర

ఇది చాలామందికి ఎదురయ్యేదే, మీరొక్కరే కాదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం ప్రకారం పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలో లేదా దిద్దడంలో భాగం, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం, ఈ నాలుగూ ఉన్నవారే రచయిత. ఇతర శాస్త్రాల పత్రికలు కూడా చాలావరకు ఇలాంటి నియమాన్నే పాటిస్తాయి. మీరు నేరుగా ఎదురుచెప్పనక్కరలేదు. ఎవరు ఏ పని చేశారో నింపమని పత్రికలు ఇప్పుడు 14 పాత్రల పట్టిక ఇస్తున్నాయి. దాన్ని మీ గైడ్ గారికి చూపించి, "ఈ పేరు ఎదురుగా ఏమి రాయమంటారు సార్?" అని అడగండి. సహాయం మాత్రమే చేసినవారికి కృతజ్ఞతల్లో చోటు ఉంది. ఆ వ్యక్తి అధికారంలో ఉండి మీ మార్కులు ఆయన చేతిలో ఉంటే, ఒంటరిగా కాకుండా గైడ్ గారితో కలిసే వెళ్లండి.

బోరునీళ్లు

గైడ్ గారికి పట్టిక చూపించాను. ఆ పేరు కృతజ్ఞతల్లోకి వెళ్లింది, ఆయనే మాట్లాడారు. 22 ఇళ్లకూ చీటీలు ఇచ్చి వచ్చాను. శీర్షిక మార్చాను: "నల్గొండ జిల్లాలోని ఒక గ్రానైట్ మండలంలో వేసవి భూగర్భ జలాల ఫ్లోరైడ్: కాల్షియం, బైకార్బొనేట్, బోరు లోతులతో సంబంధం." సారాంశం చివర "లోతైన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది" అని రాశాను. ఇలా పంపవచ్చా?

రసాయన_మేష్టారు

శీర్షిక బాగుంది. ఆ మండలం పేరు కూడా అందులోనే రాయండి, రేపు ఎవరైనా వెతికితే దొరకాలి. లోతులు మీరు కొలిచారా, యజమానులు చెప్పారా? చెప్పినవైతే "యజమానులు చెప్పిన లోతు ప్రకారం" అని సారాంశంలోనూ, పద్ధతుల్లోనూ, పట్టిక శీర్షికలోనూ మూడు చోట్లా చేర్చండి. ఆ తర్వాత పంపండి.